మధుమేహము - పథ్యము ఎవరిది?

మా యూసుఫ్‌గూడలో కృష్ణకాంత్ ఉద్యానవనము కలదు. తెల్లవారుజామున అచట నడచువారి మాటలు వినుటకు ప్రత్యేకముగ చెవి యొగ్గ నక్కరలేదు, వాటంతటవే వినబడును. మునుపు వానలను గురించియు, ధరలను గురించియు, పిల్లల ఉద్యోగములను గురించియు మాటలాడుకొనెడివారు. ఇప్పుడు అంకెలు చెప్పుకొందురు. "పొద్దున ఎంతున్నది?" "నూట డెబ్బై." "తిన్నంక?" "రెండొందల నలభై." అటుపిమ్మట ఔషధోపదేశము మొదలగును. ఒకరు నానబెట్టిన మెంతు లందురు, ఒకరు కాకరకాయ రస మందురు, మరియొకరు నేరేడు గింజల పొడి యందురు. ఇంతమంది ఇన్ని ప్రశ్నలు వేసికొందురు గాని, "మీ ఇంట్ల కుక్కర్ల ఎన్ని గ్లాసుల బియ్యం పోస్తరు?" అని ఎవరును ఎవరిని అడుగగా మేము వినలేదు. ఈ ప్రసంగము ఆ అడుగని ప్రశ్నను గురించినది.

మన నగరమునకు ఈ వ్యాధితో చుట్టరికము క్రొత్తది కాదు. 2000 సంవత్సరమున దేశములోని ఆరు మహానగరములలో 20 ఏండ్లు నిండినవారిని 11 వేలమందికి పైగా పరీక్షించిరి. ఫలితములు మరుసటి సంవత్సరము ప్రకటితమైనవి. ముంబైలో నూటికి 9.3, ఢిల్లీలో 11.6, బెంగుళూరులో 12.4, చెన్నైలో 13.5 మందికి మధుమేహ మున్నట్లు తేలగా, హైదరాబాదులో 16.6 మందికి ఉన్నట్లు తేలినది. ప్రథమస్థానము మనదే. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ప్రకారము దేశమందు మధుమేహము గలవారు 10 కోట్లకు పైబడిరి. వ్యాధి గడపలో నిలిచియున్నవారు మరి 13 కోట్ల 60 లక్షలు. గడప అనగా, రక్తములోని గ్లూకోజు సాధారణ ప్రమాణమును దాటియు, వ్యాధి హద్దును ఇంకను చేరకుండుట. పరగడుపున 126 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని ఉండి, అది మరియొక పరీక్షలో నిశ్చయమైనచో వ్యాధి యని నిర్ణయింతురు.

ఇది స్థూలకాయుల వ్యాధి యను భ్రమ ఇంకను పోలేదు. ప్రక్కనున్న కృష్ణానగరులో చలనచిత్రములలో చిన్న వేషములు వేయువారు, దీపములు మోయువారు, వంటవారు వేలమంది కాపురముందురు. పగలు రాత్రి యను భేదము లేని పని. తిండికి వేళ లేదు. వారిలో సన్నగా రివటవలె నుండి చక్కెర వ్యాధితో బాధపడువారిని మేము ఎరుగుదుము. ఇందుకు కారణమును సూచించు ఒక ఛాయాచిత్రము 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చినది. అందు పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యుడ్కిన్ ప్రక్కప్రక్కన నిలిచియుందురు. ఎత్తునకు బరువునకు గల నిష్పత్తి ఇరువురికిని ఒకటియే. శరీరములోని క్రొవ్వు మాత్రము ఆంగ్లేయునకు నూటికి 9 పాళ్ళు, మనవానికి 21 పాళ్ళు. మనలో కండ తక్కువ, పొట్టలోపలి క్రొవ్వు ఎక్కువ. అన్నము అరిగి గ్లూకోజుగా మారి రక్తములోనికి వచ్చినపుడు దానిని ముఖ్యముగ లోనికి గ్రహింపవలసినది కండ. కండ చాలనిచోట, క్రొవ్వు అడ్డుపడినచోట, క్లోమగ్రంథి ఎంత ఇన్సులిన్ స్రవించినను పని జరుగదు. కొన్నేండ్లకు ఆ గ్రంథియు అలసిపోవును. కావున తూకపుయంత్రము ఎక్కి, "మాకు భయము లేదు" అనుకొనుట మన దేశీయులకు చెల్లదు.

పథ్యమనగానే మనవారు దిగులుపడుట కొక చరిత్ర కలదు. చరకుడు ఈ వ్యాధికి కారణములుగా కదలక కూర్చుండు సుఖమును, నిద్రాసుఖమును, క్రొత్త ధాన్యమును, బెల్లపు వంటకములను చెప్పెను. సుశ్రుతుడు బీదరోగిని చెప్పులు, గొడుగు లేక నూరు యోజనములు నడువు మనెను. పాశ్చాత్యులును ఇంతకన్న దయచూపలేదు. ఇన్సులిన్ లభింపకముందు అమెరికాలో ఆలెన్ అను వైద్యుడు రోగులను కేవలము ప్రాణము నిలుచునంత ఆహారముతో ఉంచెడివాడు. పిల్లలు ఎముకల గూడులై కొన్ని నెలలో, కొన్నేండ్లో గడిపెడివారు. 1922 జనవరిలో టొరొంటో నగరమున లెనార్డ్ థామ్సన్ అను 14 ఏండ్ల బాలునకు మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చిన పిమ్మట ఆ ఆకలి చికిత్స అంతరించినది. చికిత్స పోయినను దాని నీడ మాత్రము మిగిలినది. నేటికిని మన ఇండ్లలో పథ్యమనగా ఒకరిని వేరుగా కూర్చుండబెట్టి, అందరు తినునది వారికి పెట్టకుండుట. పథ్యము విఫలమగుటకు మా దృష్టిలో మొదటి కారణ మిదియే.

మా వీధిలోని ఒక ఇల్లాలి సంగతి చెప్పెదము. వయస్సు 50 దాటినది; ఎనిమిదేండ్లుగ ఈ వ్యాధి. భర్త పోలీసు పటాలములో ఉద్యోగము చేసి విశ్రాంతి పొందినవాడు. కుమారుడు అమీర్‌పేటలో కంప్యూటరు శిక్షణాలయమున బోధకుడు. కోడలు కూడ ఉద్యోగస్థురాలు. ఆ ఇల్లాలి అన్నగారికి ఇదే వ్యాధి వలన మోకాలి క్రింది భాగము తీసివేసిరి. అప్పటినుండి ఆమెకు భయము పట్టుకొన్నది. ఒక ఆస్పత్రిలో పథ్యపు కాగితము ఒకటి ఇచ్చిరట. అందు ఓట్లు, గోధుమరొట్టె ముక్కలు, ఆలివ్ నూనె, పచ్చికూరల ముక్కలు అని వ్రాసియున్నది, అదియును ఇంగ్లీషున. ఆమె దానిని మా చేతికిచ్చి, "ఇవన్ని ఎక్కడ దొరుకుతయి అక్కా? ఇంట్ల అందరికి అన్నం, నాకొక్కదానికి వేరే. జొన్నరొట్టె చేసుకొని పదిరోజులు తిన్న. పదకొండో రోజు చెయ్యి లేవలే" అన్నది.

పదకొండవ రోజున ఏమి తిన్నదని అడిగితిమి. అందరు తిన్న పిదప కుక్కరులో మిగిలిన అన్నము తిన్నదట. "మిగిలింది పారబోస్తమా?" అని ఎదురు ప్రశ్న. దీనికి సమాధానము వైద్యశాస్త్ర గ్రంథములలో లేదు. ఇల్లాలు చివర తినును; మిగిలినది తినును; మిగులునది కూర కాదు, అన్నమే. మన యిండ్లలో స్త్రీల మధుమేహమునకు చికిత్స చేయువారు మొట్టమొదట తెలిసికొనవలసినది ఈ సంగతి.

ఇక లెక్కకు వత్తము. కుక్కరుతోబాటు వచ్చు కొలగ్లాసులో సుమారు 150 గ్రాముల బియ్యము పట్టును. ఆ ఇంట నలుగురికి పూటకు మూడు గ్లాసులు పోసెడివారు. అనగా మనిషికి 110 గ్రాములకు పైగా. బియ్యములో నూటికి 78 పాళ్ళు పిండిపదార్థము. ఒక పూట అన్నములోనే 85 గ్రాములకు పైగా పిండిపదార్థము లోనికి పోవుచున్న దన్నమాట. అది అరిగిన పిదప గ్లూకోజే అగును. టీచెంచా చక్కెర 5 గ్రాములనుకొన్నచో, ఇది 17 చెంచాలకు సమానము. "నేను చాయిల చక్కెర మానేసిన" అని గర్వముగ చెప్పుకొనువారు కంచము వంక చూడరు. ఏలయన అచట తీపి నాలుకకు తెలియదు.

అట్లని అన్నమును దూషించుట మా అభిమతము కాదు. తెలంగాణ పల్లెలలో రెండు తరముల క్రితము వరకు జొన్నరొట్టె, గట్క, అంబలి నిత్యాహారములు. వరియన్నము పండుగనాటి మాట. 1983లో కిలో 2 రూపాయలకు బియ్యము ఇచ్చు పథకము వచ్చిన తరువాత బీదవాని ఇంట రెండు పూటల వరియన్నము ఉడికినది. ఆకలిని తరిమిన బియ్యమది; దానిని మరువరాదు. 2025 ఉగాదినాడు సన్నబియ్యపు పంపిణీ ఆరంభమైనది. మనిషికి నెలకు 6 కిలోలు, అనగా దినమునకు 200 గ్రాములు ఉచితముగ లభించును. కాని తోటకూర గాని, బీరకాయ గాని, కందిపప్పు గాని ఈ విధముగ ఇంటికి రావు. బియ్యము ఉచితము, కూర వెలకు. బస్తీలోని రోగితో కూర రెట్టింపు చేయుమని చెప్పు వైద్యుడు ఈ వ్యత్యాసమును గుర్తించి చెప్పవలెను. ఎర్రగడ్డ రైతుబజారునకు ప్రొద్దుగూకు వేళ పోయినచో ఆకుకూరలు చౌకగ దొరకునని మేము ఆ ఇల్లాలికి చెప్పితిమి. అది ఆమెకు మాకన్న బాగుగ తెలియును.

అట్లయిన బియ్యము మాని జొన్నలు, రాగులు తినిన చాలదా యని అడుగువారు పెక్కుమంది. చిరుధాన్యముల మీద ఇప్పుడు గొప్ప వ్యామోహ మున్నది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పదార్థముల పట్టికలను చూచినచో విషయము తేటపడును. నూరు గ్రాములలో పిండిపదార్థము బియ్యమునకు 78, జొన్నలకు సుమారు 68, రాగులకు 67, గోధుమపిండికి 64. భేద మున్నది, గాని ఆకాశమునకు భూమికి ఉన్నంత భేదము కాదు. పీచు విషయమున మాత్రము జొన్న, రాగి, గోధుమ పైచేయి: బియ్యములో 3 గ్రాములు లేదు, వీనిలో 10 గాని, 11 గాని ఉండును. పీచు వలన గ్లూకోజు రక్తములోనికి మెల్లగ చేరును. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు మరికొందరితో కలిసి 11 దేశములలో జరిగిన 80 పరిశోధనలను సమీకరించి 2021లో ప్రకటించిన నివేదిక కూడ చిరుధాన్యములు తినిన మధుమేహుల చక్కెర కొంత తగ్గునని తెల్పుచున్నది. ఐనను 2025లో ప్రకటితమైన వైద్య పరిశోధన మండలి వారి ఆహార సర్వే ఇంకొక మాట చెప్పినది. భారతీయుల ఆహారశక్తిలో నూటికి 62 పాళ్ళు పిండిపదార్థముల నుండియే వచ్చుచున్నది. మొత్తము పిండిపదార్థము తగ్గింపక, బియ్యమునకు బదులు గోధుమపిండినో, చిరుధాన్యపు పిండినో తెచ్చుకొన్నంత మాత్రమున ముప్పు తగ్గినట్లు కనబడలేదు. తగ్గించిన భాగమునకు బదులు పప్పులు, పాలు మున్నగువాని మాంసకృత్తులు చేరినప్పుడే తగ్గినది.

రాత్రికి నాలుగు చపాతీలు తిని, పైన "పెరుగన్నము రెండు ముద్దలు" అని ముగించు పెద్దమనుష్యులు ఈ వాక్యమును రెండుసార్లు చదువవలెనని మా మనవి.

ఇచట జొన్నను గురించి ఒక పాత కథ జ్ఞప్తికి వచ్చుచున్నది. పోషకాహార పరిశోధనాలయము కూనూరు నుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. వచ్చిన క్రొత్తలో ఆ శాస్త్రజ్ఞులు మన దక్కను పీఠభూమిలో జొన్నలే ప్రధానముగ తిను బీదవారిలో పెల్లాగ్రా అను విటమిను లోపవ్యాధిని చూచిరి. చర్మము నల్లబడి పగులును, మతియు చెడును. గోపాలన్, శ్రీకాంతయ్య గారలు 1960లో లాన్సెట్ పత్రికలో జొన్నలోని ల్యూసీన్ అను అంశమునకు ఈ వ్యాధితో సంబంధము కలదని వ్రాసిరి. నాడు జొన్న ఒక్కటియే తిని జబ్బుపడిరి. నేడు బియ్య మొక్కటియే తిని జబ్బుపడుచున్నాము. తప్పు ధాన్యములో కన్న ఒంటరితనములో ఎక్కువ.

మన రాజేంద్రనగరు వ్యవసాయ విశ్వవిద్యాలయము వారు రూపొందించిన తెలంగాణ సోనా అను సన్నరకము కలదు. గ్లూకోజును ఎంత వడిగా పెంచునో తెలుపు సూచిక దానికి 51కి కొంచెము పైన. సాధారణపు బియ్యములకు తరచుగ 70కి అటునిటు. ఈ సూచికను 1981లో టొరొంటోలో జెంకిన్స్ ప్రభృతులు కల్పించిరి. మంచి వంగడమే. కాని అంగళ్ళలో "షుగర్ రైస్" అని పేరుపెట్టి అమ్ముటయు, కొన్నవారు "ఇది షుగరోళ్ళ బియ్యమే గదా" యని మరియొక గరిటె వడ్డించుకొనుటయు చూచుచున్నాము. సూచిక వేగమును చెప్పును గాని మోతాదును చెప్పదు. సగము వేగముతో పోవు బండియైనను రెండింతల బరువు మోసినచో చేరునది అంతే.

మరి కంచములో ఏమి ఉండవలెను? జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శక సూత్రములలో, దినమునకు 2000 కాలరీలు తినువారికి, రోజంతటికి కలిపి ధాన్యములు 250 గ్రాములు, పప్పులు గాని గ్రుడ్లు, మాంసములు గాని 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు అని యున్నది. ఇది ఆరోగ్యవంతులకు. మధుమేహులకు, అందును కూర్చుండి పనిచేయువారికి, ధాన్యము ఇంకను తగ్గవలసియుండును. ఎంతయనునది వైద్యుడు మనిషిని చూచి చెప్పవలసిన మాట. ధాన్యములో ఉదయపు ఇడ్లీ, దోసె కూడ చేరినవని మరువరాదు. బంగాళాదుంప, చేమదుంప, కందగడ్డలను కూరలలో లెక్కింపరాదు. అవి అన్నమునకు తోబుట్టువులు.

కూరగాయలు 400 గ్రాములు తినుట చెప్పినంత సుళువు కాదు. దీనికి ఒక చిక్కు కలదు. దానిని ఏ పథ్యపు కాగితమునను మేము చూడలేదు. మన కూర అన్నములో కలుపుకొనుటకై వండినది. ఉప్పు, కారము, పులుపు, నూనె ఆ అన్నమునకు సరిపడ వేయుదుము. గరిటెడు కూరను పిడికెడు అన్నముతో తినబోయిన నోరు మండును, ఉప్పు కసరును. చేయి తనంతట తానే అన్నపు గిన్నె వైపు పోవును. ఆవకాయ, గోంగూర పచ్చళ్ళు అన్నమును పిలుచుటలో ఇంకను ఘటికులు. కావున అన్నము తగ్గింపదలచినవారు మొదట కూరలో ఉప్పును కారమును సగము చేయవలెను. దొండకాయ, బీరకాయ, సొరకాయ, గోరుచిక్కుడు, తోటకూర - వీనిలో దేనినైన చప్పచప్పగ, నూనె తక్కువగ వండి, భోజనారంభమున ఒక గిన్నెడు ఉత్తగా తినవలెను. పిదప గట్టిపప్పు. ఆ తరువాత అన్నము. ఈ వరుస వలన భోజనానంతరపు చక్కెర తక్కువగ పెరుగునని 2015లో న్యూయార్కున ఒక చిన్న పరిశోధనలో చూచిరి. గట్టిపప్పని ఎందుకంటి మనగా, పప్పుచారులో పప్పు తక్కువ, పేరు ఎక్కువ. మాంసకృత్తుల కొరకు పప్పు, పెసరట్టు, ఉడికించిన శనగలు, పెరుగు, గ్రుడ్డు, చేపలు మనకు చాలును. సాయంకాలము ఇరానీ చాయితో ఉస్మానియా బిస్కత్తులకు బదులు గుప్పెడు గుగ్గిళ్ళు తిన్నచో అమీర్‌పేట హోటళ్ళు మనమీద అలుగవు. పండ్లలో జామ, బొప్పాయి, నేరేడు మితముగ తినవచ్చును. మామిడి వేసవిలో ఒక చెంప. అది అన్నము పిమ్మట కాదు, వేరొక వేళ. పండ్లరసము మాత్రము వద్దు.

ఆ ఇల్లాలి ఇంట మేము చేసినది ఇంతే. ఆమెకు బోధింపలేదు. ఒక ఆదివారము భర్తను, కుమారుని, కోడలిని కూర్చుండబెట్టి కుక్కరు గ్లాసును బల్లమీద ఉంచితిమి. "ఈమెకు వేరుగ వండుట మానుడు. మీ అందరికిని మూడు గ్లాసులకు బదులు రెండు గ్లాసులకు కొంచెము తక్కువ పోయుడు. కూర రెట్టింపు చేయుడు. ఉప్పు తగ్గింపుడు" అంటిమి. భర్త, "అన్నం లేకుంటే తిన్నట్టే ఉండది" అని లేచిపోయెను. కోడలు మాత్రము గ్లాసును చేతిలోనికి తీసికొని, "ఆయన పొట్టకు గూడ మంచిదే" అన్నది. అచటనే పని సగమైనది.

ఐతే ఒక హెచ్చరిక ఇచటనే చేయవలెను. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడువారు అన్నమును హఠాత్తుగ సగము చేయరాదు. తినినను తినకున్నను ఆ మందులు చక్కెరను తగ్గించుచునే యుండును. వైద్యునితో చెప్పి మందు మోతాదు సవరించుకొనిన పిమ్మటనే ఆహారము తగ్గింపవలెను. చెమటలు, వణకు, గుండెదడ, మాట తడబడుట కలిగి, పరీక్షలో చక్కెర 70కి దిగినచో వెంటనే మూడు చెంచాల గ్లూకోజు గాని చక్కెర గాని నీటిలో కలిపి త్రాగవలెను. 15 నిమిషములకు మరల పరీక్షింపవలెను. మనిషి స్పృహ తప్పినచో నోట ఏమియు పోయరాదు, ఆస్పత్రికి చేర్చవలెను. రంజాను ఉపవాసములుండు మా ముస్లిము సోదరులును, ఏకాదశి, శనివారపు ఉపవాసములుండు ఇల్లాండ్రును ముందుగ వైద్యుని అడిగియే ఉండవలెను. రాత్రి చిత్రీకరణలకు పోవువారు మాత్ర వేసికొని భోజనము కొరకు గంటలు వేచియుండరాదు.

చిన్నతనముననే ఇన్సులిన్ పూర్తిగ నశించు రకపు మధుమేహము కలదు. ఆ పిల్లలకు ఇన్సులినే ప్రాణము. ఏ కషాయమును, ఏ చిరుధాన్యమును నమ్మి ఒక్కదినమైనను దానిని మాన్పింపరాదు. మాన్పించిన ఇండ్లలో శోకము మేము ఎరుగుదుము, వివరింపము. మూత్రపిండములు చెడినవారు కూడ పప్పులు, మాంసములు తమంతట పెంచుకొనరాదు.

ఆహారము వలన ఎంత మేలు కలుగునను ప్రశ్నకు ఇప్పుడు మంచి ఆధారములే కలవు. మన చెన్నైలో గడప నున్న 531 మందితో మూడేండ్లు జరిపి 2006లో ప్రకటించిన పరిశోధనలో, ఆహారమును సవరించుకొని నడక అలవరచుకొన్నవారిలో వ్యాధి వచ్చుట నూటికి 28 పాళ్ళకు పైగా తగ్గినది. మెట్‌ఫార్మిన్ మాత్రకును దాదాపు అంతే ఫలితము. వ్యాధి వచ్చినవారి మాటయు నిరాశాజనకము కాదు. బ్రిటనులో ఆరేండ్లకు లోపల వ్యాధి వచ్చిన స్థూలకాయులకు కొన్ని నెలలు దినమునకు సుమారు 850 కాలరీల ఆహారము వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చిరి. ఏడాది చివర నూటికి 46 మందికి మందులు లేకయే చక్కెర హద్దులోనికి వచ్చినది. 15 కిలోలు తగ్గినవారిలో 86 మందికి. 2017 నాటి ఈ వార్త చూచి సన్ననివారు పస్తులుండ బోరాదు. అది వారికొరకు చేసిన పరీక్ష కాదు.

కాని మా మనస్సునకు మిక్కిలి దగ్గరైనది మన హైదరాబాదు సమీప గ్రామములలో జరిగినది. 1987 నుండి 1990 వరకు అచటి 15 గ్రామములలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ పథకము క్రింద మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా ఇచ్చిరి.  దగ్గరి మరి 14 గ్రామములకు ఆ పథకము అప్పటికి చేరలేదు. పిల్లలు 13 మొదలు 18 ఏండ్ల వయస్సునకు వచ్చిన పిమ్మట పోషకాహార సంస్థవారు వెదకి మరల పరీక్షించిరి. ఉప్మా తిన్న గ్రామముల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. శరీరము ఇన్సులిన్‌ను ఎదిరించు గుణము వారిలో ఐదవవంతు తక్కువ. రక్తనాళముల బిగువును కొంత తక్కువయే. 2008లో ఈ ఫలితములు బ్రిటిష్ మెడికల్ జర్నలులో వెలువడినవి. తల్లి కడుపులో నున్నపుడును, ఆరేండ్లలోపునను తిన్న ఉప్మా పదునైదేండ్ల తరువాత ఇన్సులిన్ లెక్కలో కనబడినది. పథ్యము రోగికి మాత్రమే యనుకొనువారికి ఇంతకన్న ఏమి చెప్పవలెను?

మా వీధి ఇల్లాలికి ఆరునెలల తరువాత మూడునెలల సగటు చూపు రక్తపరీక్ష చేయించిరి. 9 దాటియుండినది 7న్నర దగ్గరకు దిగినది. వైద్యుడు మాత్ర ఒకటి తగ్గించెను. అంకె ఇంకను మంచిది కావలసియున్నది. పాదములను దినము సాయంకాలము కోడలు దీపము వెలుగున చూచును; అన్నగారి కాలు ఆ యింట ఎవరును మరువలేదు. భర్త రెండు నెలలు సణిగి, ఇప్పుడు సొరకాయ కూర మొదట తినుచున్నాడు. ఐతే ఆదివారము కోడికూర నాడు తన వాటా అన్నము తనకు కావలె నని షరతు పెట్టినాడు. ఇవ్వవచ్చునని మేము అంటిమి. అదే సమయమున కుమారుని కూడ బస్తీ దవాఖానకు పంపి పరగడుపున పరీక్ష చేయింపుడని పట్టుబట్టితిమి. వయస్సు 31, సన్ననివాడు, తల్లికిని మేనమామకును వ్యాధి. 118 వచ్చినది. కుక్కరు గ్లాసు ఇప్పుడు ఆతని చేతిలో నున్నది. వారాంతములలో బియ్యము తానే కొలిచి పోయుచున్నాడు.